కళాకారులు బతికి ఉండగా కళ బాగుపడదు

తెలుగునాట కళ ఎందుకు క్షీణించిందని పెద్దలు చాలాకాలంగా ఆలోచిస్తున్నారు. సినిమాను తిట్టారు, టీవీని తిట్టారు, ఫోనును తిట్టారు, ప్రభుత్వాన్ని సరేసరి, చివరికి ప్రేక్షకుణ్ని కూడా వదల్లేదు. అసలు కారణం మాత్రం ఎవరి దృష్టికీ రాలేదు. కళాకారుల్లో చాలామంది ఇంకా బతికే ఉన్నారు. కళా విమర్శను జీవితంగా పెట్టుకున్నవాణ్ని కాబట్టి ఈ ఇబ్బంది ఎంతటిదో నాకు రోజూ అనుభవంలోకి వస్తూనే ఉంటుంది.

పోయినవారితో ఏ పేచీ ఉండదు. సమీక్ష అచ్చయిన ఉదయం ఫోను చేసి "మా పేరు ఆరో పంక్తిలో వేశారేమండీ" అని అడగరు. పోయినేడాది బాగా పాడి ఈ ఏడాది శ్రుతి తప్పి మన మాట పోగొట్టరు. బతికున్నవాణ్ని పొగిడితే మిగతా పదిమందికీ కోపం, తెగిడితే అతనికీ అతని కులసంఘానికీ కోపం. పోయినవాణ్ని పొగిడితే ఆ పదిమందీ ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొడతారు. అందుకే నేను ఒకే సూత్రం మీద నడుస్తున్నాను. ఒక కళాకారుడి మీద తుది అభిప్రాయం చెప్పాలంటే ఆయన కొంత సహకరించాలి, ముందుగా వెళ్లిపోవాలి.

తెల్లవారగానే పాత గ్రామఫోను పాటలు వింటాను. రికార్డులు నా దగ్గర లేవు, ఎవరో పుణ్యాత్ములు ఫోనులోకి ఎక్కించారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డులో ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాల పాట పడుతుంది. అదే నటుడు రంగస్థలం మీద పద్యం ఎత్తుకుంటే, రాగం తీసి, హార్మోనిస్టుతో పోటీపడి, వన్స్‌మోర్లు కలుపుకుని పావుగంట దాకా నడిపేవాడు. రికార్డులో మూడు నిమిషాల్లో ముగించాడు. దీన్నిబట్టి "పాతతరం నటుల సంయమనం" అని ఒక వ్యాసం రాశాను, మంచి పేరు తెచ్చింది. రికార్డింగు పనులు తెలిసిన ఒకాయన వచ్చి, "అది సంయమనం కాదండీ, అంతకుమించి అందులో చోటు లేదు" అన్నాడు. ఇటువంటివారికి యంత్రం తెలుస్తుంది, రసం తెలియదు. 1920ల నడిమి వరకు రికార్డింగుకు మైకు లేదనీ, గాయకులు ఒక పెద్ద గరాటు ముందు నిలబడి గొంతు చించుకోవలసి వచ్చేదనీ కూడా అతనే చెప్పాడు. "ఖంగుమనే ఆనాటి కంఠాలు" అన్న నా రెండో వ్యాసం అప్పటికే అచ్చులో ఉంది కాబట్టి ఆ సంగతి పట్టించుకోలేదు.

రికార్డు మీది గరగర గురించి వేరే చెప్పాలి. అది లేనిదే గాత్రం నాకు ఆనదు. ఈమధ్య ఎవరో ఒక పాత పద్యాన్ని కంప్యూటర్లో శుభ్రం చేసి పంపారు. గరగర పోయింది. గొంతు మనిషి గొంతులా వినబడింది, ఒకచోట ఊపిరి అందక తడబడింది కూడా. వెంటనే చెరిపేశాను.

హార్మోనియం మీద నా వైఖరి ఏమిటని తరచు అడుగుతుంటారు. రేడియోవారు దాన్ని 1940 నుంచి 1971 వరకు గడప తొక్కనివ్వలేదు. పద్యనాటకానికేమో అది లేకపోతే ఊపిరాడదు. నేను ఇద్దరినీ సమర్థిస్తాను. నిషేధం ఉన్న రోజుల్లో వాయించినవారు మహానుభావులు. నిషేధం ఎత్తేశాక పుట్టినవారు వాయించేది చప్పుడు.

ఇక స్థానం నరసింహారావు గారు. బాపట్ల మనిషి. ఆడవేషాలకే జీవితం ధారపోశారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు, 1971లో కన్నుమూశారు. సత్యభామ వేషం కోసం తానే రాసుకున్న "మీరజాలగలడా" పాట 1966లో సినిమాకెక్కి సుశీల గారి గొంతులో ఇంటింటికీ చేరింది. "ఆయన తర్వాత సత్యభామ లేదు" అని నేను ఎన్నో సభల్లో ప్రకటించాను. ఆయన నాటకం నేను చూడలేదు. చూసి ఉంటే ఇంత ధీమాగా చెప్పగలిగేవాణ్ని కాదు, చూసినవాళ్లకు జ్ఞాపకాలు అడ్డం వస్తాయి. తెనాలి దగ్గర పల్లెలో ఒక పెద్దాయన చిన్నతనంలో స్థానం వారి నాటకం చూశారని తెలిసి వెతుక్కుంటూ వెళ్లాను.

"మాస్టారూ, ఆ అనుభూతి కాస్త చెప్పండి" అన్నాను.

"ఏం చెప్పమంటావు బాబూ, నాటకం మొదలయ్యేసరికే బాగా పొద్దుపోయింది. మా నాన్న ఒళ్లో నిద్రపోయాను. జనం ఈలలు వేస్తే మెలకువ వచ్చింది. ఎవరో మహాతల్లి చాలా అందంగా ఉంది అనుకుని మళ్లీ పడుకున్నాను. వేరుశనక్కాయలు మాత్రం భలే వేయించాడు" అన్నారు.

"ఆ రాత్రి ప్రేక్షకులు మైమరచి ఒళ్లు తెలియని స్థితిలోకి వెళ్లారు" అని రాసుకున్నాను. ఆయనకు నమస్కరించి, వేరుశనక్కాయల సంగతి మరెవరికీ చెప్పవద్దని కోరి వచ్చాను.

బళ్లారి రాఘవ గారూ అంతే. 1880లో పుట్టి 1946లో పోయిన ఈ న్యాయవాది, రంగస్థల నటుడు ఆడపాత్రలు ఆడవాళ్లే వేయాలన్నారు. పద్యం పాత్ర కోసం గానీ రాగాల కోసం కాదన్నారు. స్థానం వారిని తలుచుకున్న వేదిక మీదే, అదే దండతో, ఆయననూ తలుచుకుంటాను. ఆ వెంటనే రాగాలు బాగా తీసినవారికి ఆయన పేరిట బహుమతి అందజేస్తాను. "ఇవన్నీ ఒకదానితో ఒకటి పొసగవు కదండీ" అని ఒక విద్యార్థిని లేచి అడిగింది. వాళ్లు బతికి ఉంటే పొసగవమ్మా, కూర్చో అన్నాను.

సంగీతంలో నా సూత్రానికి మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారిని మించిన నిదర్శనం లేదు. ఆయన నాలుగు స్వరాలతో మహతి, లవంగి వంటి రాగాలు కట్టిన రోజుల్లో నాలాంటివారు పడిన అవస్థ ఇంతా అంతా కాదు. అవి రాగాలే కావన్నారు, అవి ఆయన కనిపెట్టినవి కావన్నారు, ఒకే నోటితో రెండూ అన్నారు. వీణ బాలచందర్ గారైతే బహిరంగంగానే వాదానికి దిగారు. 2016 నవంబర్ 22న బాలమురళి గారు కన్నుమూశారు. ఆ సాయంత్రానికల్లా ఆ రాగాల్లోని దోషాలన్నీ వాటంతట అవే సర్దుకున్నాయి. ఇప్పుడు ఏ కుర్రవాడైనా కొత్తగా ఏదో పాడబోతే "బాలమురళి గారిలా చేయడం నీ తరమా" అని కూర్చోబెడుతున్నాం. ఆయనను ఎవరి పేరు చెప్పి కూర్చోబెట్టబోయామో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

సాహిత్యం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కవులు ముందుమాట కోసం వస్తారు. ముందుమాట, ఆప్తవాక్యం, అభినందన, ఆశీస్సు, "నా మాట" దాటేసరికి ముప్పయ్యో పేజీ వస్తుంది, పాఠకుడు అక్కడితో తృప్తిపడి పుస్తకం మూసేస్తాడు. నేను చదవకుండా రాస్తానన్నది అపవాదు. మొదటి పేజీ, చివరి పేజీ చదువుతాను. కన్యాశుల్కాన్ని మెచ్చుకునేవారిలో అంతకంటే ఎక్కువ చదివినవారు ఎందరో లెక్క తీయమనండి. 1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చయి, 1909లో గురజాడ వారు ఎంతో పెంచి మళ్లీ రాసిన ఆ నాటకాన్ని ఉన్నది ఉన్నట్టు ఆడితే తెల్లవారుతుంది. అందుకే గిరీశం చుట్ట పట్టుకుని వచ్చి నాలుగు మాటలు చెప్పి పోయే ముక్క ఒకటి ఆడించి, "యుగకర్త" అనేసి ఇళ్లకు పోతాం.

సాయంత్రం నాటకం. కరపత్రంలో ఆరు గంటలకని ఉంటుంది. ఆరున్నర దాటాక జ్యోతి ప్రజ్వలన. వత్తి అంటుకోకపోయినా ముఖ్య అతిథి కొవ్వొత్తి పట్టుకుని, ఫోటోగ్రాఫరు సరే అనేదాకా, ముఖంలో భక్తి సడలకుండా వంగి ఉంటారు. ఆ రాత్రి మొత్తానికి నిలకడగల అభినయం అదొక్కటే అయిన సందర్భాలు ఉన్నాయి. తర్వాత వక్తలు. మొదటి వక్త నాటకం చచ్చిపోతోందంటారు. రెండో వక్త చచ్చిపోయిందంటారు. మూడో వక్తను నేను. ఏ సంవత్సరంలో చచ్చిపోయిందో చెబుతాను. తెర వెనక కిరీటాలు పెట్టుకుని, రంగు పూసుకుని, చెమటలు కక్కుతూ పాండవులు ఇదంతా వింటుంటారు. ఒకసారి శ్రీకృష్ణుడు తెర పక్కనుంచి తల బయటపెట్టి "గురువుగారూ, ఇంకెంతసేపు?" అని అడిగాడు. నాటకం అంతరించిపోవడం గురించి పెద్దలు మాట్లాడుతుండగా నాటకం అడ్డు రావడం ఏం సంస్కారం?

ప్రేక్షకులకు కూడా నేను మర్యాదలు నేర్పుతుంటాను. ఈల వేయకూడదని చెబుతాను. ఆ వెంటనే ఈలపాట రఘురామయ్య గారి ఈల ఎంత దైవదత్తమో వివరిస్తాను. వన్స్‌మోర్ అనకూడదని చెబుతాను. ప్రాణం వదిలిన పాత్ర కూడా, జనం వన్స్‌మోర్ అంటే లేచి కూర్చుని అదే పద్యం మళ్లీ పాడి మళ్లీ ప్రాణం వదిలేదని పెద్దలు కథలుగా చెప్పుకుంటారు. నేను వెతుకుతున్న నటుడు అలాంటివాడే. పోయాక పాడినవాడు.

శాలువాలు అయ్యేసరికి ఎనిమిదిన్నర. ముఖ్య అతిథికి మరోచోట మరో సభ ఉంటుంది, నాకు ఆయన కారులో చోటు ఉంటుంది. మర్నాటి సమీక్షలో "ఆద్యంతం రక్తి కట్టింది, నటులు పాత్రల్లో జీవించారు, ఆహార్యం సముచితంగా ఉంది" అని వస్తుంది. ఇందులో ఒక్క మాట తప్పని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. ఒక ఊళ్లో మేం వెళ్లాక కరెంటు పోయి నాటకమే జరగలేదట. అయినా ఆ సమీక్షకు నిర్వాహకులు పటం కట్టించి గోడకు తగిలించుకున్నారు.

పరిషత్తు పోటీలకు ఈ వెసులుబాటు లేదు. న్యాయనిర్ణేతలకు భోజనం ఆఖర్న పెడతారు, కాబట్టి కూర్చోవాలి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పెట్టిన మహనీయులు ఏం ఆశించారో గానీ, ఇప్పటి నాటికలో కొడుకు అమెరికాలో ఉంటాడు, తండ్రి వృద్ధాశ్రమంలో ఉంటాడు, వేదిక నడుమ ఒక మంచం ఉంటుంది. తండ్రి దగ్గితే సంగీతం వస్తుంది. కొడుకు పశ్చాత్తాపంతో విమానం దిగేలోపు తండ్రి పోతాడు. ఉత్తమ నటుడెవరో అప్పుడు తేలుతుంది. మంచం మీద లేచి కూర్చున్నవాడికి బహుమతి ఇచ్చిన పరిషత్తును నేను చూడలేదు.

నా మనసును నొప్పించేది సురభి నాటక సమాజంవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలుపెట్టారు, ఇన్ని తరాలైనా మానలేదు. ఆడవేషాలకు ఇంటి ఆడపడుచులనే నిలబెట్టారు. పిల్లలు తెర వెనక పుట్టి తెర ముందు పెరిగారు. మాయాబజారులో మనుషులు గాల్లోకి లేస్తారు, బాణాలు నిప్పులు కక్కుతూ ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి. తాళ్లు, తీగలు, దీపాలు, వాటిని సమయానికి లాగే ఇంటి మనుషులు, అంతే. ఏటా ఏప్రిల్ 16న, కందుకూరి వారి జయంతికి, తెలుగు నాటకరంగ దినోత్సవ సందర్భంగా "అంతరించిపోతున్న సురభి" అన్న వ్యాసం ప్రచురిస్తాను. ఏటా, అది అచ్చయిన కొద్ది రోజులకే, వారు ఎక్కడో ఆడుతున్నారని కబురు వస్తుంది. అంతరించే విషయంలో వారి వైపు నుంచి ఏ సహకారమూ లేదు.

అంతకంటే పెద్ద దెబ్బ చింతామణి కొట్టింది. కాళ్లకూరి నారాయణరావు గారి నాటకం, వందేళ్ల నాటిది. రాసినవారు లేరు, మొదట ఆడినవారు లేరు, మొదట తిట్టినవారూ లేరు. నిశ్చింతగా పొగడదగిన నాటకమని నమ్ముకుని ఉన్నాను. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలవారు ఫిర్యాదు చేస్తే, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. న్యాయం ఎటువైపు ఉందన్న ప్రశ్న నా పరిధిలోకి రాదు, ఏ ప్రశ్నా రాదు. కానీ శవాన్ని ఎవరైనా నిషేధిస్తారా? ఇంతకాలానికి కూడా ఒకరిని నవ్విస్తోంది, ఒకరిని ఏడిపిస్తోంది, ప్రభుత్వం దాకా వెళ్లి కూర్చుంటోంది. అంటే బతికున్నదాన్ని పట్టుకుని నేను ఇన్నాళ్లూ పొగిడానన్నమాట. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మొన్న ముఖ్య అతిథి కారు చెడిపోయింది. గతిలేక చివరిదాకా కూర్చున్నాను. దుర్యోధనుడి వేషం ఒక కుర్రవాడు కట్టాడు. పగలు ఎరువుల దుకాణంలో పద్దులు రాస్తాడట. పద్యం ఎత్తుకున్నాడు. ఒక్క అక్షరం మింగలేదు, రాగాన్ని అర్థం మీద కూర్చోబెట్టలేదు. మధ్యలో మైకు మొరాయిస్తే దాన్ని పక్కకు జరిపి, చివరి కుర్చీ దాకా వినబడేట్టు పాడాడు. ముందు వరుసలో పద్యమంతా నోటికి వచ్చిన ముసలి రైతు ఒకడు పెదవులు కదుపుతూ కూర్చుని, చివరి పాదం దగ్గర నోరు కదపడం మరచిపోయాడు. ఎవరో వన్స్‌మోర్ అన్నారు. ఆ గొంతు నాదేనని పక్కవారు అంటున్నారు, నేను ధ్రువీకరించడం లేదు.

ఆ రాత్రే సమీక్ష రాశాను. రక్తి కట్టడాలు, పాత్రల్లో జీవించడాలు ఏవీ లేకుండా, చూసింది చూసినట్టు. బాగా వచ్చింది. కవరులో పెట్టి అంటించి, పైన ఆ అబ్బాయి పేరు రాసి, తేదీ దగ్గర ఖాళీ వదిలి బీరువాలో పెట్టాను. అతను పోయిన మర్నాడే అచ్చుకు ఇవ్వమని ఇంట్లోవాళ్లకు చెప్పాను. వయసు ఇరవై మూడట. ఆ గొంతు, ఆ ఛాతీ చూస్తే, పత్రికవారు చాలాకాలం ఆగవలసి వచ్చేట్టుంది.