మూడు కొటేషన్లు, ఒకే తప్పు

మా బాబాయ్ ఇరవై ఎనిమిదేళ్ళు సైన్యంలో చేసి సుబేదారుగా దిగాడు. అందులో సగానికి పైగా సప్లై డిపోల్లోనే గడిచింది. లంచం తీసుకుంటూ ఒక కల్నల్ పట్టుబడ్డాడన్న వార్త పేపర్లో వచ్చిన ఆదివారం ఈ గొడవ మొదలైంది. ఇందులో అబ్బాయిని నేనే, వృత్తికి లాయర్ని. కాబట్టి నా మాటలు ఇక్కడ అసలుకన్నా పదునుగా కనబడితే, అది రాసేవాడి చేతివాటం అనుకోండి.

బాబాయ్: ఆ పేపరు మడిచి అవతల పెట్టు. ఎవడో ఒకడు దొరికితే మిలటరీ మొత్తాన్ని ఉతికి ఆరేస్తారు. పదిలక్షలు దాటిన మందిలో దొంగలు ఉండరా?

అబ్బాయి: ఉంటారు బాబాయ్. అన్నిచోట్లా ఉంటారు. నా గొడవ వాళ్ళతో కాదు. దొరికినవాడి మీద కేసు పెట్టాలా, మందలించి వదిలెయ్యాలా అని తేల్చేది ఎవరు? అది చెప్పు.

బాబాయ్: పై ఆఫీసరు. ఇంకెవరు తేలుస్తారు, నువ్వా? మీ సివిల్ సంగతి నాకు తెలీదా! 2001లో కెమెరా ముందు లక్ష రూపాయలు తీసుకున్నాడు బంగారు లక్ష్మణ్, మన తెలుగాయనే, ఒక జాతీయ పార్టీకి అధ్యక్షుడు. మీ కోర్టు శిక్ష వేసింది ఎప్పుడు? 2012లో. పదకొండేళ్ళు! అదే మా సుక్నా భూముల గొడవ చూడు. విచారణ మొదలైంది 2009లో. 2011 దాటకుండా ఇద్దరు లెఫ్టినెంట్ జనరళ్ళకి కోర్టు మార్షల్, అంటే సైన్యం సొంత కోర్టులో విచారణ, అయిపోయింది. నువ్వు వెళ్ళే ఏ కోర్టులో అయినా అంత పెద్దవాళ్ళ కేసు రెండేళ్ళలో తేలిందేమో చూపించు.

అబ్బాయి: సుక్నా పేరు నువ్వే ఎత్తావు, మంచిదయింది. సిలిగురి దగ్గర సైనిక స్థావరం, దాన్ని ఆనుకుని డెబ్బై చిల్లర ఎకరాల భూమి. భద్రతకు ముప్పని ముందు సైన్యమే అడ్డం చెప్పింది. తర్వాత ఒక రియల్ ఎస్టేటు ఆయన అక్కడ స్కూలు కడతానంటే అభ్యంతరం లేదని కాగితం ఇచ్చేసింది. విచారణలో తేలిన పేర్లలో పెద్దది అవధేశ్ ప్రకాశ్‌ది. ఆయన మిలటరీ సెక్రటరీ. అంటే ఆఫీసర్ల ప్రమోషన్లు, పోస్టింగుల ఫైళ్ళు నడిచే కుర్చీ. మరి అప్పటి చీఫ్ ముందు ఏం చెయ్యబోయారు? కోర్టు మార్షల్ కాదు. పరిపాలనాపరమైన చర్య, అంటే నోటీసూ, సంజాయిషీ. రక్షణ మంత్రి ఆంటోనీ కలగజేసుకుని ఇది సరిపోదని చెబితే, 2010 జనవరిలో మాట మారింది. ప్రకాశ్ ఆ నెలాఖరుకే రిటైరవుతున్నాడు. మంత్రి ఊరుకుని ఉంటే నువ్వు ఇవాళ చెప్పుకుంటున్న ఆ రెండేళ్ళ లెక్క ఎక్కడిది?

బాబాయ్: మంత్రి చెప్పాడు, సైన్యం విన్నది. అందులో తప్పేముంది? ప్రజాస్వామ్యం అంటే అదేగా!

అబ్బాయి: ప్రతి కేసుకీ ఒక ఆంటోనీ దొరకడు బాబాయ్.

బాబాయ్: సరే, ఆ రెండో జనరల్ సంగతి ఎందుకు చెప్పవు? నువ్వు చెప్పవు, నేను చెబుతా. పి.కె. రథ్. సుక్నాలో కోర్ కమాండరు, అంటే అక్కడి పెద్ద దళానికి అధిపతి. ఆర్మీకి డిప్యూటీ చీఫ్‌గా రావలసినవాడు. 2011 జనవరిలో దోషి అన్నారు, సీనియారిటీ కోసేశారు. పేపర్లన్నీ దొంగ జనరల్ అని రాశాయి. 2014లో సాయుధ దళాల ట్రిబ్యునల్ ఏమంది? ఆయన తప్పు లేదంది. సైన్యమే ఆయనకి లక్ష రూపాయలు కట్టాలంది. కోల్పోయిన కుర్చీ ఎవరిస్తారు? అదొక్కటేనా? కార్గిల్ శవపేటికలు గుర్తున్నాయా? అమెరికా నుంచి అల్యూమినియం పెట్టెలు కొంటే అందులో తిన్నారని దేశమంతా గోల. నువ్వప్పుడు కాలేజీలో ఉన్నావు. మా ఇంట్లోనే, టీవీ ముందు కూర్చుని, ‘శవాల మీద పేలాలు ఏరుకునేవాళ్ళు’ అన్నావు. మీ పిన్ని పక్కనే ఉంది, అడుగు. 2009లో సీబీఐ ముగ్గురు ఆర్మీ ఆఫీసర్ల మీద చార్జిషీటు వేసింది. 2013 డిసెంబర్లో ప్రత్యేక కోర్టు ఏం చేసింది? సాక్ష్యం లేదని ముగ్గురినీ వదిలేసింది. అప్పటికి కార్గిల్ అయి పద్నాలుగేళ్ళు. నీ మాట వెనక్కి తీసుకున్నావా? పోనీ వాళ్ళు నిర్దోషులని తేలిన వార్త చదివావా? మేం యూనిఫాం వేసుకుని రైలెక్కితే సీటిస్తారు కదా, ఆ గౌరవం అమ్ముకుని బతుకుతాం మేము. అది ఒక్క హెడ్డింగుతో పోతుంది. తిరిగి రావాలంటే పద్నాలుగేళ్ళు సరిపోవు.

(దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ మాట అన్నది నిజం. విడుదల వార్త చదవనిదీ నిజం. అందుకే, తెలివైన లాయర్లు చేసే పనే చేశాను. వేరే కేసు తీశాను.)

అబ్బాయి: మరి ఆదర్శ్ హౌసింగ్ సొసైటీ? ముంబై కొలాబాలో ముప్ఫై ఒక్క అంతస్తులు. కార్గిల్ వితంతువుల పేరు చెప్పి...

బాబాయ్: ఆగు. ఆ స్థలం కార్గిల్ వాళ్ళకని కేటాయించింది కాదని విచారణ కమిషనే చెప్పింది. లాయరువి, కనీసం అది చదువు.

అబ్బాయి: చదివాను. కార్గిల్ పేరు తీసేద్దాం. ఇద్దరు మాజీ ఆర్మీ చీఫ్‌లకీ, ఒక మాజీ నేవీ చీఫ్‌కీ అందులో ఫ్లాట్లు వచ్చాయా లేదా? గొడవ బయటపడ్డాక తిరిగిచ్చేస్తామన్నారా లేదా?

బాబాయ్: తిరిగిచ్చేస్తామన్నారు. ముఖ్యమంత్రి పదవే పోయింది ఆ గొడవలో. అది మిలటరీ గొడవా, రాజకీయ నాయకుల గొడవా?

అబ్బాయి: ఇద్దరిదీ. తిండి సంగతి చూడు పోనీ. 2017లో ఆ జవాను వీడియో పెట్టాడు, మాడిన రొట్టె, పసుపూ ఉప్పూ తప్ప ఏమీ లేని పప్పు...

బాబాయ్: బీఎస్ఎఫ్! ఒరేయ్, వెయ్యిసార్లు చెప్పాను, బీఎస్ఎఫ్ అంటే ఆర్మీ కాదు. వాళ్ళది హోంశాఖ, మాది రక్షణ శాఖ. ఖాకీకీ ఆలివ్ గ్రీన్‌కీ తేడా తెలియనివాడివి మా మీద తీర్పులు చెబుతావు.

అబ్బాయి: వీడియో పెట్టినవాడి ఉద్యోగమే పోయింది కదా, ఏ శాఖైతేనేం?

బాబాయ్: ఏ శాఖైతేనేమా? రేపు మున్సిపాలిటీ వాడు లంచం తింటే నిన్ను పట్టుకుంటే ఊరుకుంటావా? అయినా అవినీతి గురించి నువ్వు మాట్లాడాలి! నా క్యాంటీన్ కార్డు మీద వచ్చే బాటిళ్ళు ఎవరికని? నాకు, నా ఇంటికి. అవి నీ గృహప్రవేశానికి ఎన్ని వచ్చాయో లెక్క చెప్పనా? ‘బాబాయ్, మా జడ్జిగారికి మిలటరీ రమ్ము అంటే ఇష్టం’ అన్నది ఎవరు?

అబ్బాయి: జడ్జిగారు కాదు, గుమాస్తా.

బాబాయ్: ఇంకా మంచిది!

(ఇక్కడ పిన్ని కాఫీ తెచ్చింది కాబట్టి బతికిపోయాను. గ్లాసు చేతిలోకి వచ్చాక గానీ అసలు విషయానికి రాలేకపోయాను.)

అబ్బాయి: నేను చెప్పేది ఇప్పుడు అడ్డం రాకుండా విను. శిక్షలు చాలవని నేను అనలేదు. కోర్టు మార్షల్ వేసే శిక్ష మా కోర్టులకన్నా కఠినమే. నా బాధ తలుపు దగ్గర. ఆర్మీ చట్టం 1950 తీసి చూడు. జనరల్ కోర్టు మార్షల్ ఏర్పాటు చేసేది ఒక సీనియర్ కమాండరు. విచారణ జరగాలని నిర్ణయించేది ఆయన. తీర్పు చెప్పే కనీసం అయిదుగురిని వేసేదీ ఆయన కార్యాలయమే. తీర్పు వచ్చాక అది ఖరారైతేనే చెల్లుతుంది. ఆ ఖరారు చేసే అధికారి, నచ్చకపోతే, మళ్ళీ ఆలోచించండని ఒకసారి వెనక్కి పంపవచ్చు. పిలిచేవాడూ, కూర్చోబెట్టేవాడూ, చివర్లో ముద్ర వేసేవాడూ ఒకే నిచ్చెన మీద ఉంటారు. తీర్పు చెప్పేవాళ్ళకి వచ్చే ఏడు కాన్ఫిడెన్షియల్ రిపోర్టు రాసేదీ ఆ నిచ్చెన మీదివాళ్ళే. ఇది మనం కనిపెట్టిందా? కాదు, తెల్లవాడు పెట్టి వెళ్ళింది. వాళ్ళ దగ్గర ఇదే ఏర్పాటు మీద ఫిండ్లే అనే సైనికుడు కేసు వేశాడు. ఫాక్‌లాండ్ యుద్ధం చేసి వచ్చినవాడు. కేసు అవినీతిది కాదు, వేరే. 1997లో యూరప్ మానవ హక్కుల కోర్టు ఏమందో తెలుసా? కోర్టు మార్షల్ పిలిచే ఆఫీసరే అన్నీ తానై ఉంటే దాన్ని నిష్పాక్షిక న్యాయస్థానం అనలేమంది. తీర్పు రాకముందే బ్రిటన్ ఆ పాత్ర తీసేస్తూ చట్టం మార్చుకుంది. ఇప్పుడు అక్కడ కేసు పెట్టాలా వద్దా అని తేల్చేది కమాండరు కాదు, విడిగా ఉన్న ప్రాసిక్యూషన్ విభాగం. ఇచ్చినవాడు పారేశాడు, మనం పట్టుకు వేలాడుతున్నాం.

ఇక నీ రథ్ సంగతి. ఆయన నిర్దోషి అని నువ్వు నా మీదకి విసిరావు. ఆ రాయి తీసుకుని నేనే విసురుతా చూడు. సుక్నా విచారణకి ఆదేశించింది తూర్పు కమాండ్. ఆ కమాండరే మరుసటేడు చీఫ్ అయ్యారు. ఆయన పక్షపాతంతో చేశారని నేను అనడం లేదు, నాకా హక్కు లేదు. కానీ రథ్ స్థానంలో నువ్వుంటే ఏమనుకుంటావు? ‘నా పైవాడికి నేనంటే పడక చేశాడు’ అనుకోవా? అవధేశ్ ప్రకాశ్ విషయంలో బయటి జనం ఏమన్నారు? ‘పైవాడు మనవాడు కాబట్టి నోటీసుతో సరిపెడుతున్నాడు’ అన్నారు. దొంగని వదిలేసే దారీ, దొరని ఇరికించే దారీ ఒకే తలుపులోంచి వెళుతున్నాయి. నీ రథ్ కోసమైనా ఆ తాళం చెవి బయటవాడి చేతికి ఇవ్వాలంటున్నాను.

బాబాయ్: అయిందా?

అబ్బాయి: అయింది.

బాబాయ్: నేను చిన్నగా చెబుతా. రాత్రి రెండింటికి పోస్టు మీదకి వెళ్ళమంటే వెళ్ళాలి. చస్తామని తెలిసినా. ఆ కాళ్ళు చట్టం చదువుకుని లేవవు. ‘సాబ్ చెప్పాడు’ అనే ఒక్క మాట మీద లేస్తాయి. ఆ సాబ్ మీద కేసు పెట్టాలో వద్దో ఢిల్లీలో ఏసీ గదిలో ఒక వకీలు తేలుస్తాడని జవానుకి తెలిస్తే, సాబ్ మాటకి విలువేముంది? బ్రిటన్‌కి సియాచిన్ ఉందా? చెప్పు.

అబ్బాయి: సియాచిన్‌లో ఇచ్చిన ఆర్డరు జోలికి నేను రావడం లేదు. టెండరు, భూమి, రేషను, కాంట్రాక్టు బిల్లు. ఇవి మాత్రమే బయటవాడి చేతిలో పెట్టమంటున్నా. వీటికి అర్ధరాత్రి లేచి పరుగెత్తే జవాను ఎవడూ లేడు. అమెరికా కూడా హత్య, అత్యాచారం లాంటి కొన్ని పెద్ద నేరాల్లో 2023 చివరి నుంచి కమాండరు చేతిలోంచి నిర్ణయం తీసేసింది. వాళ్ళ సైన్యం లేవడం మానేసిందా?

బాబాయ్: వాళ్ళ సంగతి నాకెందుకు.

అబ్బాయి: సరే, నీ సంగతే. మా అక్క పెళ్ళిలో నువ్వు చెప్పిన కథ. తార్పాలిన్లు.

బాబాయ్: ...

అబ్బాయి: లోకల్ పర్చేజ్. మూడు కొటేషన్లు వచ్చాయి. మూడు షాపుల లెటర్‌హెడ్లు, మూడు రంగుల సిరాలు, మూడు రకాల సంతకాలు. ‘తార్పాలిన్’ స్పెల్లింగులో మాత్రం మూడింటిలోనూ ఒకే అక్షరం ఎగిరిపోయింది. ‘ముగ్గురికీ ఒకే మాస్టారు చదువు చెప్పి ఉంటాడు’ అని నువ్వు చెబితే విస్తళ్ళ ముందు అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ కొనుగోలు బోర్డులో మూడో మెంబరువి నువ్వు. సంతకం పెట్టావా లేదా?

బాబాయ్: పెట్టాను. కల్నల్ సాబ్ పెన్ను మూత తీసి నా చేతికిచ్చి, ‘సైన్ కర్ దో సాబ్, లేట్ హో రహా హై’ అన్నాడు. భుజం మీద చెయ్యి వేసి మరీ అన్నాడు. ఆ పెన్ను బంగారు రంగు పాళీది. ఇప్పటికీ కళ్ళ ముందుంది.

అబ్బాయి: ఫిర్యాదు ఎందుకు చెయ్యలేదు?

బాబాయ్: ఎవరికి చెయ్యను? కాగితం ఆయన ద్వారానే పైకి పోవాలి. ఆయన్ని దాటించి ఆ పై ఆయనకి పంపుదామంటే ఆయనా ఈయనా ఒకే బ్యాచ్, ఒకళ్ళ పిల్లల పుట్టినరోజుకి ఇంకొకళ్ళు. రాశాను రా. రాయలేదనుకోకు. హిందీలో, రెండు పేజీలు. మూడు నెలలు ట్రంకుపెట్టెలో బట్టల కింద ఉంది. సుబేదారు ప్రమోషన్ లిస్టులో నా పేరు వచ్చిన రోజు చింపేశాను.

అబ్బాయి: దాని కోసమే కదా బాబాయ్ నేను...

బాబాయ్: నువ్వు చెప్పినట్టు బయటవాడు ఒకడుంటే ఇచ్చేవాణ్ణేమో. ఇచ్చేవాణ్ణి అని ఒట్టేసి చెప్పను. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు అప్పుడు. అయినా, నువ్వు గెలిచావని ఊరంతా టముకు వెయ్యకు. ఆ పెట్టెల కేసులో ముగ్గురి గురించి నువ్వన్న మాట ఇంకా అట్లాగే ఉంది.

అబ్బాయి: ఒప్పుకున్నాను.

బాబాయ్: సరే. ఈ నెల కోటా సంచిలో ఉంది. తీసుకెళ్తావా, వద్దా?

అబ్బాయి: ఫ్రిజ్ మీద పెట్టు బాబాయ్. వెళ్ళేటప్పుడు చూస్తాలే.

బాబాయ్: చూస్తాననే అనేవాడు మా కల్నల్ సాబ్ కూడా.