ప్లాటినం వచ్చిన ఊళ్లో కూడలి ఎలా ఉంది?

‘సైకిళ్లకు అనుకూలం’ అని అవార్డు వచ్చిన నగరంలో సైకిల్ తొక్కడం సురక్షితమని ఒక వ్యాసంలో చదివాను. ఆ మాటతో నేను ఏకీభవించలేను. అమెరికాలో లీగ్ ఆఫ్ అమెరికన్ బైసైక్లిస్ట్స్ అనే సైకిలిస్టుల సంఘం నగరాలకిచ్చే గుర్తింపునే తీసుకోండి. కాంస్యం నుంచి డైమండ్ దాకా స్థాయిలున్నాయి; డైమండ్‌కి ఒక మెట్టు కిందది ప్లాటినం. డేవిస్ నగరానికి 2005లో, పోర్ట్‌లాండ్ నగరానికి 2008లో ప్లాటినం వచ్చింది. దీనికి నగరమే దరఖాస్తు పెట్టుకోవాలి. రోడ్లతో పాటు అవగాహన, ప్రోత్సాహం, ప్రణాళికలనూ చూస్తారు. అవీ అవసరమే, కాదనను. కానీ పక్కనుంచి లారీ దూసుకుపోతుంటే కాగితం మీది ప్రణాళిక మనిషిని కాపాడదు కదా! తెల్లగీత గీసిన సైకిల్ లేన్, అడ్డుగోడ ఉన్న లేన్ ఒకటి కావు. పైగా చాలాచోట్ల లేన్ సరిగ్గా కూడలి దగ్గరే మాయమవుతుంది. అసలు టెన్షన్ మొదలయ్యేది అక్కడే.

పీపుల్‌ఫర్‌బైక్స్ అనే మరో అమెరికా సంస్థ నగరాలకిచ్చే రేటింగ్‌లో నాకు నచ్చింది ఒకటుంది. భయం లేకుండా తొక్కగల రోడ్ల మీదుగానే ఇంటి నుంచి బడికి, ఆస్పత్రికి, దుకాణానికి చేరగలమా అని మ్యాప్ ఆధారంగా కొలుస్తారు. దానికి తోడు, పదేళ్ల పిల్లని సైకిల్ మీద ఒంటరిగా బడికి పంపుతారా అని తల్లిదండ్రుల్ని కూడా అడగాలి. ఎక్కువమంది ‘పంపం’ అంటే ఆ ఊరికి పతకం ఇవ్వకూడదు.