బావగారి బీరువాలో విశ్రమిస్తున్న విలాయతీ రివాల్వర్‌కు బహిరంగ లేఖ

బెంగళూరు

మహారాజశ్రీ పాయింట్ త్రీ టూ విలాయతీ రివాల్వర్ వారి దివ్యసముఖానికి, తమ యజమాని గారి బావమరిది నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరమూ క్షేమం. తమరు దేవనహళ్ళి దారిలోని మా బావగారి ఇంట, మా అక్కయ్య పట్టుచీరల దొంతర వెనుక, కలరా ఉండల సువాసన నడుమ సుఖంగా ఉన్నారని తలుస్తాను. తమరిని కొన్ననాడు దుకాణంలో నేనూ ఉన్నాను. ఆనాడు నోటి దాకా వచ్చి ఆగిపోయిన మాటలు కొన్ని ఇప్పటికీ గొంతులోనే ఉన్నందువల్ల ఈ లేఖ రాయవలసి వచ్చింది.

మా బావగారి బేరం సంగతి తమరికి తెలియదు, ఎందుకంటే తమరి దగ్గర ఆయన బేరమే ఆడలేదు. చిక్కపేటలో పట్టుచీర కొంటే జరీని గోటితో గీకి చూస్తారు. పొలంలో బోరుకు మోటారు కొన్నప్పుడు లోపలి చుట్ట రాగిదా, అల్యూమినియందా అని బిగింపులు విప్పించి చూసి, ఆ తరువాత కూడా రెండు వేలు తగ్గించమని గంటసేపు కూర్చున్నారు. ప్రాణభయం ఉన్నదని దరఖాస్తులో రాసి, పోలీసు విచారణలన్నీ దాటి, కమిషనర్ గారి కార్యాలయం నుండి లైసెన్సు తెచ్చుకున్న అటువంటి మనిషి, ప్రాణం కాపాడవలసిన వస్తువును ఎంచుకునేటప్పుడు ఎంత నిశితంగా పరీక్షిస్తారో చూద్దామని నేను ముచ్చటపడి వెంట వెళ్ళాను.

దుకాణంలోని పెద్దాయన ముందుగా కాన్పూరులో తయారైన కొత్త రివాల్వర్‌ను గుడ్డ మీద పెట్టారు. గొట్టం కొలతల్లో 9 ఎంఎం, పాయింట్ త్రీ ఎయిట్ వంటివి మా వంటి వారికి చట్టం నిషేధించినందువల్ల, లైసెన్సుదారులకు మిగిలేది పాయింట్ త్రీ టూ, పాయింట్ టూ టూ వంటి కొద్ది రకాలేనని చెప్పి, ఆ తరువాత తమరిని కూడా పక్కనే కూర్చోబెట్టి, మంచీచెడూ చూసే పద్ధతిని ఓపికగా వివరించారు. హ్యామర్‌ను, అంటే తూటాను కొట్టే సుత్తిని, వెనక్కి లాగి ఉంచి, తూటాల గదులున్న సిలిండర్‌ను వేళ్ళతో కదిపి చూడాలట. అది అటూ ఇటూ ఊగిందంటే తూటా ఉన్న గది గొట్టానికి ఎదురుగా సరిగ్గా నిలవదని, అప్పుడు సీసం అంచుకు రాసుకుని చిట్లుతుందని అన్నారు. గొట్టాన్ని వెలుతురుకు పట్టి లోపలి గాడులు పదునుగా ఉన్నాయా, తుప్పు తిని గుంటలు పడ్డాయా అని చూడాలట. ఇలా నడిమికి విరిచి తెరిచే రకానికి మడత కీలే ఆయువుపట్టు కాబట్టి, అక్కడ వదులు ఉంటే ఎంత పెద్ద పేరున్నా వదిలేయాలట.

ఆ పరీక్షలో కాన్పూరు కొత్తది నెగ్గింది. క్షమించాలి, తమరు నెగ్గలేదు. తప్పు తమరిది కాదని, తమరి పాత యజమానులు తరాల తరబడి నూనె చుక్క వేయకుండా గూట్లో పెట్టినందువల్లనే సిలిండర్ ఊగుతున్నదని, కీలు కూడా కొంచెం అలిసిందని పెద్దాయన దాచకుండా చెప్పారు. ఇలా ఉన్నది ఉన్నట్టు చెప్పే వ్యాపారిని నేను బెంగళూరులో ఇంకెక్కడా చూడలేదు. తరువాత రెండింటి వెలలూ చెప్పారు. తమరి వెల కాన్పూరు దాని వెలకు అయిదు రెట్లు. ఆ క్షణంలో మా బావగారి ముఖం వెలిగిపోయింది. “ఊగుతున్నా ఇంత పలుకుతున్నదంటే, ఊగనప్పుడు ఇంకెంత గొప్పదో ఆలోచించు బావా” అన్నారు. మోటారు విప్పించిన మనిషేనా ఈ మాట అన్నదని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను.

తమరికి ఆ వెల ఎందుకు వచ్చిందో తమరికీ తెలుసు. 1980ల నడుమ నుండి మామూలు పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. అంతకు ముందు ఓడ దిగినవే చేతులు మారుతూ తిరుగుతున్నాయి తప్ప కొత్తవి రావడం లేదు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్న సామెత ఏనుగుల కంటే తమ జాతికే బాగా అతుకుతుంది. తమాషా ఏమంటే, కాన్పూరు రివాల్వర్‌ను కూడా తమరి సీమ వాడైన వెబ్లీ అనే ఇంగ్లీషు తుపాకుల కంపెనీ నమూనాను అనుసరించే చేశారు. అదే మడత, అవే ఆరు తూటాలు. పెద్దాయన ఈ సంగతి చెప్పగానే బావగారు, “నకలు నకలే కదండీ” అని కొట్టిపారేశారు.

సర్కారు వారికి ఈ మనస్తత్వం తెలియదని అనుకోకూడదు. 2014లో కాన్పూరులోని సర్కారు కర్మాగారం ఆడవారి రక్షణ కోసమని నిర్భీక్ అనే రివాల్వర్‌ను తెచ్చింది. టైటానియం లోహమిశ్రమంతో చేసిన సుమారు అర కిలో బరువున్న ఆ తుపాకి ధర 1,22,360 రూపాయలు. దానిని పెట్టి ఇచ్చింది ముదురు ఎరుపు రంగు నగల పెట్టెలో. బావగారు ఆ లెక్క విన్నప్పుడు వేళ్ళు మడిచి, గ్రాముకు రమారమి రెండు వందల నలభై అయిదు పడుతున్నదని, తరుగూ మజూరీ ఎంతో చెప్పలేదని విచారించారు. 2023 ఆగస్టులో అక్కడి నుండే ప్రబల్ అనే మరో రివాల్వర్ వచ్చింది. సిలిండర్ పక్కకు తెరుచుకుంటుందని, యాభై మీటర్ల దూరం అందుతుందని ప్రకటించారు. మా బావగారి ఇంట్లో హాలు ఆరు మీటర్లు. యాభై మీటర్లంటే గేటు దాటి, రోడ్డు దాటి, టీ కొట్టువాడి పాలగిన్నె దాకా పోవాలి. ఆ సంగతి గుర్తు చేసినందుకు ఆయన నాతో ఆ పూట మాట్లాడలేదు.

అసలు పొదుపు తమరు ఇంటికి వచ్చిన తరువాత మొదలయింది. గురి నేర్చుకోవడానికి తూటాలు కావాలి. ఒక్కొక్క తూటా పేలగానే డబ్బు పొగైపోతుందని, అది దీపావళి నాడు కూడా తాను చేయని దుబారా అని బావగారు తేల్చారు. నియమాల ప్రకారం తప్పదు కాబట్టి తీసుకున్న శిక్షణ సర్టిఫికెట్టుకు మాత్రం ఫ్రేము కట్టించారు. తమరిని భద్రపరచడానికి గట్టి ఇనుప పెట్టె చెప్పిన వెలకు కళ్ళు తిరిగి, అక్కయ్య పెళ్ళినాటి బీరువానే ఖరారు చేశారు. దాని తాళం కుట్టుమిషను సొరుగులోని ఏ చెవితో తిప్పినా వస్తుంది. లక్షలు పోసిన వస్తువుకు వందల దగ్గర బేరం ఆడడంలోనే పాత బావగారు నాకు తిరిగి కనబడ్డారు.

2024 లోక్‌సభ ఎన్నికల నియమావళి మార్చి 16న అమలులోకి వచ్చినప్పుడు తమరిని ఠాణాలో జమ చేయవలసి వచ్చింది. జూన్ మొదటి వారం దాటి ఇంటికి వచ్చే దాకా, దాదాపు మూడు నెలలు, బావగారి ప్రాణభయం కూడా తమరితో పాటు ఠాణాలోనే ఉన్నట్టుంది. రాత్రి పదకొండు దాకా వీధి అరుగు మీద కూర్చుని ఏ జంకూ లేకుండా పేకాట ఆడారు.

ఇక మొన్న 2025 సెప్టెంబరు 22 నుండి రివాల్వర్లు, పిస్తోళ్ళ మీద జీఎస్టీ 28 నుండి 40 శాతానికి పెరిగింది. అదే 40 శాతం పడిన తీపి కలిపిన సోడా నీళ్ళతో ఒకే పంక్తిలో కూర్చోబెట్టారని తమరు చిన్నబుచ్చుకున్నారేమో కాని, కొత్తవాటి వెల పెరిగితే పాతదాని గిరాకీ కూడా పెరుగుతుందని బావగారు స్థలం పక్కన మెట్రో స్టేషను వచ్చినంత సంబరపడ్డారు. ఆ సంబరంలోనే వారం తిరిగేసరికి వచ్చిన ఆయుధపూజను ఘనంగా చేశారు. కొడగు వారు కైల్ పోద్ పండుగ నాడు తుపాకులకు పూలు పెడతారు, నిజమే, కాని వారు వాటిని తుడవడం కూడా తెలిసినవారు. కారుకు, స్కూటరుకు, బోరు మోటారుకు బూడిద గుమ్మడికాయలు కొట్టిన తరువాత బావగారు తమరికి గంధం అద్ది, కుంకుమ పెట్టి, నడిమికి విరిచి ఆరు గదుల మీదా దోసెడు అక్షతలు చల్లారు.

దాని ఫలితంగా సిలిండర్ ఊగడం మానేసింది. తిరగడం కూడా మానేసింది.

నిన్న తమరిని మళ్ళీ అదే దుకాణానికి తీసుకుపోయాము. పెద్దాయన కళ్ళద్దాలు సవరించుకుని, సన్నని పట్టకారుతో పసుపు బియ్యపు గింజలు ఒక్కొక్కటిగా తీసి కాగితం మీద పెట్టి, గొట్టంలో బ్రష్షు ఆడించి, నూనె వేసి, అయిదు వందలు ఇమ్మన్నారు. బావగారు కుర్చీ దగ్గరికి జరుపుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, “గింజలు మావే కదండీ, మూడు వందలకు చూడండి” అన్నారు. నేను బయటికి వచ్చి కాఫీ తాగి, బస్సు ఎక్కే వేళకు బేరం ఇంకా నాలుగు వందల దగ్గర ఉన్నది.

ఇట్లు,
తమరిని ఒక్కసారి కూడా తాకని,
తమ యజమాని గారి బావమరిది