గోదాంలో దొంగతనం జరిగినా క్లెయిమ్ రాదా? కోర్టులు పాలసీని ఎలా చదువుతాయంటే

పలాస, కాశీబుగ్గల్లో జీడి ఫ్యాక్టరీలు నడిపేవాళ్లకు ఇన్సూరెన్స్ కొత్తేమీ కాదు. స్టాకు మీద అప్పు కావాలంటే బ్యాంకు పాలసీ అడుగుతుంది, పైగా 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ పక్కనే తీరం దాటింది కాబట్టి నష్టం ఎలా ఉంటుందో ఇక్కడ ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. కానీ క్లెయిమ్ వేసినప్పుడు గొడవంతా పాలసీలోని ఒకట్రెండు మాటల దగ్గరే మొదలవుతుంది.

వర్షం సంగతే తీసుకోండి. వంశధార పొంగలేదు, అయినా రాత్రంతా కురిసిన వానకు గోదాంలోకి నీళ్లొచ్చి పిక్కల బస్తాలు తడిసిపోయాయి అనుకుందాం. పాలసీలో ‘వరద, ముంపు’ అని ఉంది. ఇది వట్టి వాన, వరద కాదు అని కంపెనీ అంటే? జేకే సిమెంట్ వర్క్స్ కేసులో ఇదే వాదన వచ్చింది. భారీ వర్షానికి బొగ్గు కొట్టుకుపోతే, నదో చెరువో పొంగితేనే వరద అని బీమా కంపెనీ పట్టుబట్టింది. 2020లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు, వాన నీరు ముంచినా ఆ మాటల కిందికే వస్తుందని చెప్పింది. పాలసీ రాసేది కంపెనీ కాబట్టి, ఏ మాటకైనా రెండర్థాలు వస్తే పాలసీదారుకు అనుకూలమైన అర్థమే తీసుకోవాలన్నది కోర్టులు ఎప్పటినుంచో పాటిస్తున్న సూత్రం.

అయితే మాట స్పష్టంగా ఉంటే ఈ సూత్రం పనిచేయదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. హర్‌చంద్ రాయ్ చందన్ లాల్ కేసులో సరుకు పోయింది, పోలీసు కేసూ ఉంది, కానీ పాలసీ ప్రకారం బర్గ్లరీ అంటే బలప్రయోగంతో లోపలికి చొరబడి ఉండాలి. తాళం పగలగొట్టిన ఆనవాలు లేదు కాబట్టి 2004లో సుప్రీంకోర్టు క్లెయిమ్ రాదంది. ఇంత కఠినమైన నిర్వచనం మామూలు మనిషికి అర్థం కాదు, కంపెనీలు మార్చుకుంటే బాగుంటుందని కూడా ఆ తీర్పులోనే అంది, కానీ ఆ వ్యాపారికి మాత్రం డబ్బు రాలేదు.

2019లో భారత్ వాచ్ కంపెనీ కేసులోనూ గొడవ దాదాపు ఇదే, బలప్రయోగం లేని దొంగతనం. ఈసారి పాలసీదారు గెలిచాడు. కారణం ఒక్కటే: ఆ షరతు ఉన్న కాగితాన్ని కంపెనీ అతనికి ఇవ్వనే లేదు. ఇవ్వని షరతును చూపించి క్లెయిమ్ కొట్టేయడం కుదరదని కోర్టు తేల్చేసింది. ఈ రెండు తీర్పుల్లో నాకు రెండోదే ఎక్కువ న్యాయంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఏజెంటు చూపించిన చోటల్లా సంతకం పెట్టే చిన్న వ్యాపారికీ, లాయర్ల చేత పాలసీ రాయించుకునే కంపెనీకీ మధ్య ‘ఇద్దరూ ఒప్పుకున్న కాంట్రాక్టు’ అనే మాటకు అర్థం ఉండాలంటే, ముందు ఆ కాగితం ఇతని చేతికి అందాలి కదా. నన్నడిగితే అందడం ఒక్కటే చాలదు, ఏమేం వర్తించవో తెలుగులో రాసిచ్చి, దాని మీద సంతకం తీసుకోవాలి. ప్రతి క్లెయిమ్ కేసులోనూ కోర్టు మొదట అడగాల్సిన ప్రశ్న కూడా అదే అవ్వాలి.

ఆలస్యం సంగతి కూడా చెప్పాలి. బండి పోతే వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేసి, కంపెనీకి మాత్రం ఆలస్యంగా చెప్పినా, ఆ ఒక్క కారణంతో నిజమైన క్లెయిమ్‌ను తిరస్కరించకూడదని 2020లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టం చేసింది.

కాబట్టి శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా క్లెయిమ్ రిజెక్ట్ అయితే ఫోన్లో చెప్పిన మాటతో ఊరుకోవద్దు, ఏ క్లాజు కింద కాదన్నారో రాతపూర్వకంగా తీసుకోండి. ఆ లేఖలో లేని కొత్త కారణాన్ని తర్వాత కోర్టులో ఎత్తుకోవడానికి వీల్లేదని కూడా తీర్పులున్నాయి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ల గడువుంది, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఫిర్యాదుతో పాటు మీకు నిజంగా ఇచ్చిన కాగితాలేవో, ఇవ్వనివేవో విడిగా రాసి జతచేయండి.