జ్వరం దిగితే చాలదు, కాళ్లు కూడా చూడాలి
బ్యాక్టీరియా వల్ల వచ్చే మెదడు పొరల వాపులో జ్వరం దిగి, రోగికి స్పృహ వచ్చిందంటే గండం గడిచినట్టేనని ఈ జబ్బు గురించి మీరు వేసిన వ్యాసంలో రాశారు. చాలామంది విషయంలో అది నిజమే కావచ్చు గాని, అంత ధీమాగా చెప్పడాన్ని నేను ఒప్పుకోలేను. మెదడును కప్పిన పొరలే కిందికి సాగి వెన్నుపామును కూడా చుట్టి ఉంటాయి. అరుదుగానే అయినా వెన్నుపాము వాస్తుంది, లేదా దానికి రక్తం అందించే నాళాలు మూసుకుపోతాయి. ఒక్కోసారి వెన్ను పక్కన చీముగడ్డ కట్టి నొక్కుతుంది. అప్పుడు ప్రతి గంటా విలువైనదే. టెక్కలి దగ్గర మా ఊళ్లో చిన్న మామయ్యకు ఈ జబ్బు వచ్చి శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. ఐదో రోజున కళ్లు తెరిచి అత్తయ్యను పిలిచారు, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. మర్నాడు కాళ్లు కదపలేకపోయారు. మూత్రం ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బింది. మంచం మీదే ఉండి నీరసించారని అక్కడివారు సర్దిచెప్పారు, మేమూ నమ్మాం. రెండు రోజుల తర్వాత విశాఖపట్నం తీసుకెళ్లి వెన్నుకు ఎమ్మారై తీయిస్తే గాని దెబ్బతిన్నది వెన్నుపామని తెలియలేదు. మత్తులో ఉన్న మనిషి తన కాళ్లు పడిపోయాయని చెప్పలేడు కదా! పక్కన కూర్చున్నవాళ్లే రోజూ కాలివేళ్లు కదిపించి చూడాలి, మూత్రం సరిగా వస్తోందో లేదో గమనించాలి, తేడా కనిపిస్తే డాక్టరును గట్టిగా అడగాలి. వ్యాసంలో ఈ రెండు ముక్కలు దయచేసి చేర్చండి. మామయ్య ఇప్పుడు చేతికర్రతో పొలం గట్టు దాకా నడుస్తున్నారు, మూత్రానికి గొట్టం మాత్రం ఇంకా తప్పలేదు.