మహారాజశ్రీ నాటో హుక్కు గారికి

మహారాజశ్రీ నాటో హుక్కు గారికి, ఇంగ్లండ్ నుంచి ఒక పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

అలా రాయడం మర్యాద కాబట్టి రాశాను. మీరు ఎలాగూ కుశలమే. సమ్మెట దెబ్బలు తిని పుట్టిన ఉక్కుకి రోగమేం వస్తుంది? నా మోకాలి కింది ఎముక మాత్రం కుశలంగా లేదు. ట్రైలర్ తగిలించుకోవడానికని బండి వెనక జానెడు బయటికి పొడుచుకొచ్చి, సరిగ్గా ఆ ఎముక ఎత్తులోనే కాపు కాస్తుంటారు తమరు. చీకట్లో వెనక తలుపు తీయడానికి వెళ్లిన ప్రతివాడికీ మీ సైనిక శిక్షణ ఎంత గట్టిదో తెలిసివస్తుంది. ఎముకని వదిలేస్తే ప్యాంటుని పట్టుకుంటారు. మీ గ్రీజు మరక వదిలించే సబ్బు ఈ దేశంలో నాకింకా దొరకలేదు.

మీ వంశం గొప్పదే, కాదనను. ఒక దేశం ట్రైలర్‌ని ఇంకో దేశం లారీ లాగగలగాలని నాటో దేశాలన్నీ కూర్చుని ఒక కొలత ఖాయం చేసుకున్నాయి. ట్రైలర్ కాడి చివర ఉక్కు కడియం, ఆ కడియం లోపలి వెడల్పు 76 మిల్లీమీటర్లు, అంటే మూడంగుళాలు. దాన్ని పట్టుకునే దవడలు తమవి. ఇవాళ 32 దేశాలున్న ఆ కూటమిలో ఎవరికీ ఎవరితోనూ పొసగకపోయినా, కడియం దగ్గర మాత్రం పేచీ లేదు. అదే పౌర ప్రపంచానికి వస్తే చూడండి, యూరప్‌లో ట్రైలర్ తగిలించడానికి కారు వెనక ఉండే బాల్, అంటే ఉక్కు గుండు, 50 మిల్లీమీటర్లు, అమెరికాలో రెండంగుళాలు. తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు, అయినా ఎవరిది వాళ్లకే ముద్దు. క్రమశిక్షణ అంటే మీదే.

మనకి పరిచయం నేరుగా కాలేదు. శాంకీ ట్రైలర్ మధ్యవర్తిత్వం చేసింది. బ్రిటిష్ సైన్యం తన ల్యాండ్ రోవర్ల వెనక లాగించిన ముప్పావు టన్ను ట్రైలర్ అది, జీకేఎన్ శాంకీ తయారీ. దాని చక్రాలు ల్యాండ్ రోవర్ చక్రాలే. పంక్చరైతే బండి స్టెప్నీ దీనికీ పడుతుంది. ముందు బండి చేసిన గాడిలోనే ఇదీ నడుస్తుంది. ఇంత తెలివైన వస్తువుని సైన్యం ఎందుకు వదిలించుకుందని మాత్రం కొనేవాళ్లెవరూ అడగరు. ఆలివ్ రంగు పెయింటు, దాని మీద తెల్లక్షరాల్లో నంబరు, పక్కన చవక ధర కనిపిస్తే చాలు. మన దగ్గరా అంతేగా, మిలిటరీ డిస్పోజల్ అంటే ఒకప్పుడు ఊళ్లో పెద్దమనుషులకి కూడా కాలు ఒకచోట నిలిచేది కాదు.

ట్రైలర్ ఇంటికొచ్చాక తెలుస్తుంది, దాని కడియానికి మా కారు బాల్ అక్కర్లేదు, మీరే కావాలని. పావలా కోడికి ముప్పావలా మసాలా అన్న సామెత మా పెద్దలు కోళ్ల గురించే చెప్పారనుకునేవాణ్ని.

మసాలా మొదలయ్యేది మీ ధరతో కాదు. విడిగా చూస్తే మీరు మరీ ఖరీదైన మనిషేం కాదు. మీరు కూర్చునే చోటుతోనే వస్తుంది తంటా అంతా. డిఫెండర్ చాసిస్‌కి వెనక చివర అడ్డంగా ఒక ఉక్కు పెట్టె ఉంటుంది, లోపల డొల్ల. మీ నాలుగు బోల్టులూ బిగిసేది దానికే. ఇంగ్లండ్‌లో శీతాకాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు, బురద కలిసి ఈ పెట్టెలోకి చేరి లోపలినుంచి తినేస్తాయి. బయట నల్ల పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. చిన్న సుత్తి తీసుకుని ఒక కొసనుంచి తట్టుకుంటూ వెళ్లాలి. ఠంగ్, ఠంగ్ అని పలికినంతసేపూ ఫర్వాలేదు. ఎక్కడో ఒకచోట దబ్ అంటుంది, సుత్తి మొన కొంచెం లోపలికి దిగుతుంది, కొబ్బరి పీచులాంటి తుప్పు చేతిలోకి రాలుతుంది. ఆ క్షణంలో మీరు నేల మీద గోనెపట్టా మీద పడుకుని, దవడ తెరుచుకుని నవ్వుతున్నట్టే కనిపిస్తారు.

సరే, ఆ పెట్టె కోసి కొత్తది వెల్డింగ్ చేయించాం అనుకోండి. అప్పుడు బోల్టులు. మామూలు బోల్టులు మీకు ఆనవు, 8.8 గ్రేడుకి తగ్గకూడదు. డొల్ల పెట్టెకి బోల్టు బిగిస్తే గోడలు నొక్కుకుపోతాయి కాబట్టి లోపల గొట్టాలు పెట్టాలి, వెనక మందమైన ప్లేటు వేయాలి. ఇదంతా మీరు నిటారుగా నిలబడడానికి. రాజుగారి పల్లకీ కన్నా బోయీల భోజనం ఖర్చే ఎక్కువైనట్టుంది వ్యవహారం.

తర్వాత ఎత్తు. సైన్యం వాళ్ల బండి ఎత్తు వేరు, వాళ్ల ట్రైలర్ కాడి ఎత్తు వేరు. పౌర కార్ల బాల్ నేలనుంచి 350 నుంచి 420 మిల్లీమీటర్ల మధ్య ఉండాలని యూరప్ లెక్క. మీరు అంతకన్నా పైనే కూర్చుంటానంటారు. మిమ్మల్ని కిందికి దించితే కాడి ముక్కు వంచుతుంది, మరీ పైకెక్కిస్తే ముక్కెత్తుతుంది, సరుకు వెనక్కి జారుతుంది. కాడి మీద బరువు తేలికైతే ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది. హైవే మీద ఆ ఊపు ఒకసారి చూసినవాడు సరుకు సర్దడంలో అశ్రద్ధ చేయడు.

ఇక్కడే మా స్నేహితులు సలహాలతో దిగుతారు. ఒకడు బాల్, పిన్ను కలిసిన రకం పెట్టమంటాడు. వారాంతం బాల్‌కి కారవాన్, మిగతా రోజులు పిన్నుకి శాంకీ. వినడానికి బాగానే ఉంటుంది. ఆ పిన్ను బొటనవేలు లావు, కడియం మూడంగుళాల వెడల్పు. మా ఊళ్లో ట్రాక్టర్ వెనక ట్రక్కుని పిన్నుతోనే తగిలిస్తారు. పొలం గట్టు మీద ఆ గడగడ ఎవరినీ బాధపెట్టదు. గంటకి 60 మైళ్ల వేగంతో అదే ఆట ఆడితే కడియం, పిన్ను రెండూ అరిగిపోయేదాకా కొట్టుకుంటాయి. ఇంకొకడు కడియమే పీకేసి ట్రైలర్‌కి బాల్ కప్పు వేయించమంటాడు. ఊళ్లో రోడ్ల మీదే తిరిగేవాడికి నిజంగా అదే మంచి సలహా, మీ మొహం మీదే చెబుతున్నా. కానీ అప్పుడు ఫొటోల్లో మీరుండరు కదా.

మీరున్నా చప్పుడు తప్పదనుకోండి. మీ దవడల్లో కడియానికి కొంచెం ఖాళీ ఉండాల్సిందే, లేకపోతే గతుకుల్లో తిరగదు. గేరు మార్చినప్పుడు ఠాంగ్, బ్రేకు వేసినప్పుడు ఠాంగ్, రౌండ్‌అబౌట్, అంటే చుట్టూ తిరిగి వెళ్లే గుండ్రటి కూడలి దగ్గర ఆగి కదిలితే రెండు ఠాంగులు. ఇంగ్లండ్‌లో ప్రతి మలుపుకీ ఒక రౌండ్‌అబౌట్. మా ఆవిడ ఒకసారి ఎక్కి, “ఏమండీ, వెనకాల ఎవరో తలుపు కొడుతున్నారు” అని, మళ్లీ ఎక్కలేదు. తమ్ముడిలాంటి ఒక కుర్రాడు మాత్రం మీ తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. “అన్నా, చప్పుడు వస్తున్నంతసేపూ ట్రైలర్ వెనకే ఉందని అర్థం. ఆగిపోయాక పడాలి టెన్షన్.” రోట్లో తల దూర్చాక రోకటిపోటుకి వెరవకూడదని సరిపెట్టుకున్నాను.

నవ్వులాట పక్కన పెట్టి ఒకమాట. ఆ ఖాళీ చప్పుడుతో పోయేది కాదు. శాంకీకి ఉన్నవి తోపుడు బ్రేకులు. ముందు బండి నెమ్మదిస్తే ట్రైలర్ వెనకనుంచి తోసుకొస్తుంది, ఆ తోపుకి కాడిలోని కడ్డీ లోపలికి జరుగుతుంది, కడ్డీ బ్రేకు మీటని లాగుతుంది. మీ దవడలు అరిగి ఖాళీ పెరిగితే కడియం ముందు ఆ ఖాళీ అంతా ఈదుకొచ్చి, అప్పుడు కడ్డీని గుద్దుతుంది. బ్రేకు ఆలస్యంగా, ఒక్కసారిగా పడుతుంది. ట్రైలర్‌కి బ్రేకులే లేవంటే కథ వేరు. బ్రిటన్ చట్టం ప్రకారం బ్రేకుల్లేని ట్రైలర్ 750 కిలోలు దాటకూడదు, లాగే బండి బరువులో సగం దాటకూడదు, రెండింటిలో ఏది తక్కువైతే అదే లెక్క. డిఫెండర్ బ్రేకులున్న ట్రైలర్‌ని 3,500 కిలోల దాకా లాగగలదు. ఆ అంకె చూసి మురిసిపోయే పెద్దలు, బ్రేకుల్లేని ట్రైలర్ దగ్గరకొచ్చేసరికి 750 గురించి ఎత్తరు. కాడి ఊడితే బ్రేకు లాగే తీగ ఒకటుండాలి. అది తగిలించడానికి విడిగా ఒక రింగు బిగించుకోవాలి, మీ దవడకి చుట్టి సరిపెట్టడం కాదు.

చట్టం మీ పక్షాన ఉందని కూడా అనుకోకండి. 1998 ఆగస్టు 1 నుంచి వాడుకలోకి వచ్చిన కార్లకి టైప్ అప్రూవల్, అంటే ఆ మోడల్‌కి అధికారిక ఆమోదం ఉన్న టోబార్ (హుక్కుని మోసే ఉక్కు చట్రం) తప్పనిసరి. కొత్త బండి వెనక మిమ్మల్ని కూర్చోబెట్టాలనుకునేవాడు సుత్తి కన్నా ముందు కాయితాలు తీయాలి. బీమా కంపెనీకి చెప్పకుండా మిమ్మల్ని తగిలించుకున్నవాడి సంగతి నేను రాయను, వాడికి యాక్సిడెంట్ అయిననాడు కంపెనీవాళ్లే రాస్తారు.

మీతోపాటు మీ పరివారం కూడా దిగింది. ట్రైలర్ కరెంటు తీగకి 12 పిన్నుల ప్లగ్గు. మా బండికి ఏడు పిన్నుల సాకెట్టు. రేడియోలు మోసిన సైనిక ల్యాండ్ రోవర్లు 24 వోల్టులవి, మా ఇంటి బండి 12 వోల్టులు. 24 వోల్టుల బల్బుకి 12 వోల్టులిస్తే కార్తీక దీపంలా మిణుకు మిణుకుమంటుంది. వెనకొచ్చే లారీవాడికి మన బ్రేకు లైటు భక్తితో చూస్తే తప్ప కనపడదు. ప్లగ్గు మార్చాలి, బల్బులన్నీ మార్చాలి. సైన్యానికి ఈ మసక వెలుతురంటే ఇష్టమే లెండి. రాత్రి వరసగా వెళ్లేటప్పుడు శత్రువుకి కనపడకుండా, ముందు బండి వెనక ఇరుసు ఉబ్బుకి తెల్ల రంగేసి, దాని మీద ఒక చిన్న దీపం పెట్టి, వెనకవాడు దాన్నే చూసుకుంటూ నడిపేవాడట. మా వెనక వచ్చేది శత్రువు కాదు, బిస్కెట్ల లారీ.

మీకు రావాల్సిన కీర్తి కూడా ఇచ్చేస్తాను. వేల్స్ కొండదారుల్లో బండి ఒకవైపు, ట్రైలర్ ఇంకోవైపు ఒరిగినప్పుడు మీ దగ్గర ఉన్న ఓపిక బాల్‌కి లేదు. బాల్ కప్పు కొంత కోణం దాకా వంగుతుంది, ఆపైన మొరాయిస్తుంది. మీలో చాలామంది మీ ఇరుసు మీద మీరే గుండ్రంగా తిరుగుతారు. ట్రైలర్ గుంటలో పల్టీ కొట్టినా బండిని తోడు రమ్మని పట్టుపట్టరు. పైదవడ మూసి, గొళ్లెం పడ్డాక, గొలుసుకి వేలాడే పిన్ను దూర్చితే క్లిక్కుమంటుంది చూడండి, ఆ ఒక్క క్షణం మీరంటే నాకు గౌరవం.

లాగడం, లాగబడడం అన్న కొలువులో న్యాయం తక్కువే. జీపు మొదటి నమూనా తయారు చేసింది అమెరికన్ బాంటమ్ కంపెనీ, 1940లో. పెద్ద ఆర్డర్లు విల్లీస్‌కీ ఫోర్డ్‌కీ వెళ్లాయి, బాంటమ్‌కి దక్కింది జీపుల వెనక లాగే ట్రైలర్లు. జీపుని కన్నవాడు జీపు తోక పట్టుకుని యుద్ధమంతా నడిచాడు. మీ దవడ ముందు నిలబడినప్పుడల్లా నాకు ఆ కంపెనీయే గుర్తొస్తుంది.

ఇంతా చేసి మేము మీతో లాగించేదేమిటి? పెరట్లో కోసిన కొమ్మలు, పాత సోఫా, మునిసిపల్ చెత్త కేంద్రం దాకా. ట్యాంకుల వెనక మందుగుండు లాగాల్సిన దవడల మధ్య మా గడ్డి కోత. చెత్త కేంద్రం గేటు దగ్గర బోర్డు ఏం చెబుతుందో తెలుసా? పెద్ద ట్రైలర్లు లోపలికి రాకూడదు.

కాబట్టి ప్రార్థన. ఆ పెట్టె తుప్పు వచ్చే ఎండాకాలం దాకా ఆగేలా చూడండి, వెల్డర్ అప్పటిదాకా ఖాళీ లేడు. మీ దవడ అరుగుదల ఈ ఏటి ఎంఓటీ, అదే బండికి ఏటా జరిగే తప్పనిసరి తనిఖీ, దాటేలా చూడండి. రౌండ్‌అబౌట్ దగ్గర పక్కింటివాళ్ల కారు వెనకే ఉన్నప్పుడైనా కాస్త నెమ్మదిగా మోగండి.

ఇట్లు,
తమ దవడలో ఇరుక్కున్నవాడు

తా.క. మీ మీద తొడగడానికి పాత టెన్నిస్ బంతిని సగానికి కోసి పంపుతున్నాను. పక్కింటి కుక్క దాన్ని రాత్రికి రాత్రి ఎత్తుకుపోకుండా చూసుకునే బాధ్యత తమరిదే.