న్యూకాజిల్ బొగ్గు, భూపాలపల్లి బాయి

హనుమకొండ చౌరస్తా పరిసరాలలో స్పోకెన్ ఇంగ్లిష్ ప్రకటనలకు కొదవ లేదు. శిక్షణలో చేరిన విద్యార్థి చేతికి త్వరలోనే పదబంధాల జాబితా ఒకటి వస్తుంది. ఎడమవైపు ఇంగ్లిష్ నుడికారం, కుడివైపు ఒక ముక్కలో అర్థం. అది పరీక్ష దాకా గుర్తుంటుంది, ఇంటర్వ్యూ దాకా ఉండదు. ఈ వైఫల్యానికి అందరూ ఇంగ్లిష్ బోధనను తప్పుపడుతున్నారు. నా దృష్టిలో లోటు తెలుగులో ఉంది.

'క్యారీయింగ్ కోల్స్ టు న్యూకాజిల్' అన్న మాటనే తీసుకుందాం. జాబితాలో దీనికెదురుగా 'అనవసర శ్రమ' అని ఉంటుంది. అది సగం అర్థం కూడా కాదు. టైన్ నది ఒడ్డునున్న న్యూకాజిల్ నుంచి శతాబ్దాల పాటు ఓడలలో లండన్‌కు బొగ్గు వెళ్లేది. అలాంటి ఊరికే బొగ్గు మోసుకుపోయేవాడి తెలివిని ఎత్తిపొడవడంలోనే ఆ మాట పస ఉంది. భూపాలపల్లిలోనో గోదావరిఖనిలోనో బొగ్గుబాయి పనితో బతికిన ఇంట్లో పుట్టిన పిల్లవాడికి దీన్ని విడమరచనక్కరలేదు. 'సింగరేణికి బొగ్గు మోసినట్టు' అంటే చాలు, నవ్వుతాడు. ఆ నవ్వుతోపాటే మాట మనసులో నాటుకుంటుంది. 1889లో ఇల్లందు దగ్గర తవ్వకాలు మొదలుపెట్టిన ప్రాంతానికి న్యూకాజిల్ పరాయి ఊరేమీ కాదు.

అవినీతి అధికారిని ఏసీబీ 'రెడ్‌హ్యాండెడ్‌గా' పట్టుకుందని జిల్లా పేజీలలో తరచూ చదువుతాం. ఫినాఫ్తలిన్ పొడి పూసిన నోట్లు ముట్టిన చేతులను సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే అది గులాబీ రంగుకు మారుతుంది గనుక, ఆ మాట అక్కడి నుంచే పుట్టిందని నా మిత్రులు కొందరు గట్టిగా నమ్ముతారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నిజానికది స్కాట్లాండ్ పాత న్యాయభాషలోని మాట, అందులోని ఎరుపు నేరస్థుడి చేతికంటిన నెత్తురుది. మూలం తప్పినా కళ్లకు కట్టే దృశ్యమొకటి దొరికింది కాబట్టే, ఇంగ్లిష్ రానివారు కూడా ఆ మాటను తప్పుగా వాడరు. 'కిక్ ద బకెట్' మన నోట 'బాల్చీ తన్నేశాడు' అయింది. చావింట్లో మనమెవరమూ ఆ మాట అనము, ఇంగ్లిష్‌వారూ అనరు. ఈ మర్యాదను ఏ జాబితా నేర్పుతుంది?

తెలుగు మీదుగా వెళితే మక్కికి మక్కి అనువదించే జబ్బు ముదురుతుందని ఇంగ్లిష్ అధ్యాపకులు కొందరు హెచ్చరిస్తారు. 'నిమ్మకు నీరెత్తినట్టు' అన్నదాన్ని యథాతథంగా ఇంగ్లిష్‌లో పెడితే నవ్వులపాలవుతామన్నది నిజమే. అయితే పోల్చి చూడటం వేరు, అనువదించడం వేరు. పోల్చి చూసినవాడికే ఏది దాటుతుందో, ఏది దాటదో తెలుస్తుంది.

పోల్చడానికి ముందు తెలుగంటూ ఉండాలి కదా! తెలుగును పదో తరగతి వరకు తప్పనిసరి చేస్తూ 2018లో రాష్ట్రం చట్టం చేసింది. 2022-23 నుంచి ప్రభుత్వ బడులన్నిటిలోనూ ఇంగ్లిష్ మాధ్యమం మొదలైంది. రెండూ కావలసినవే. కానీ మొదటిది కాగితం మీద బతుకుతూ, రెండోది కాలపట్టికను ఆక్రమించింది. గొంతెమ్మ కోరికల వెనుక ఉన్న కుంతిని ఎరగని, కాళ్లకు బలపం కట్టుకొని తిరగడమంటే ఏమిటో వినని విద్యార్థికి, మాటల మొత్తం అర్థం విడివిడి మాటల కూడిక కాదన్న అనుభవం సొంత భాషలోనే కలగలేదు. అలాంటివాడు పరాయి భాషలో ప్రతి మాటనూ దాని పైపై అర్థంతోనే పట్టుకుని బోల్తా పడటంలో వింతేముంది? మనం ఇంగ్లిష్ కోసం తెలుగును పక్కకు నెట్టామనుకుంటున్నాం. నెట్టింది ఇంగ్లిష్‌కు ఎక్కవలసిన మెట్టునే.

ఇందుకు కొత్త పథకాలేవీ అక్కరలేదు. న్యూకాజిల్ పాఠం చెప్పే గంటలో ఇంగ్లిష్ సారు పక్కన తెలుగు సారు కూడా నిలబడాలి. ఇప్పుడైతే వాళ్లిద్దరూ స్టాఫ్ రూమ్‌లో చాయ్ దగ్గరే కలుస్తున్నారు.